మా తొమ్మిదో తరగతి పత్రిక పెట్టింది

తెలుగు పాఠ్యపుస్తకంలో పాఠం చివర 'ప్రాజెక్టు పని' అని ఒకటి ఉంటుంది. సామెతలు సేకరించండి, కవుల బొమ్మలు సేకరించండి, ఫలానా విషయం మీద దినపత్రికలో వచ్చిన వార్తలు కత్తిరించి అతికించండి. పిల్లలు దుకాణానికి వెళ్లి బొమ్మల చార్టు కొంటారు, కత్తిరిస్తారు, అట్టకు అంటిస్తారు, చుట్టూ మెరుపు కాగితంతో అంచు కడతారు. నేను మార్కులు వేస్తాను. ఏడాది చివర ఆ అట్టలన్నీ బీరువా మీంచి దిగి పాతకాగితాల బండి ఎక్కుతాయి. వాటిలో పిల్లలు సొంతంగా రాసిన వాక్యం ఒక్కటీ ఉండదు. సేకరణకు ఉన్న మర్యాద రాతకు లేకపోవడం నాకు చాలాకాలంగా గిట్టని విషయం. అందుకని కిందటి విద్యాసంవత్సరం తొమ్మిదో తరగతికి ఏడాది మొత్తానికీ ఒకటే ప్రాజెక్టు ఇచ్చాను. తరగతి అంతా కలిసి ఒక పత్రిక తేవాలి. రాయడం, దిద్దడం, బొమ్మలు వేయడం, పేజీలు పేర్చడం, అచ్చు వేయించడం, పంచడం అన్నీ వాళ్లే చూసుకోవాలి.

మాది విశాఖపట్నంలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల. తరగతిలో సగం మంది జాలరి కుటుంబాల పిల్లలు. మిగిలినవాళ్ల తల్లిదండ్రుల్లో ఆటో నడిపేవారు, పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసేవారు, ఇళ్లలో పనిచేసేవారు, బీచ్‌లో తినుబండారాల బళ్లు పెట్టుకున్నవారు ఉన్నారు. పత్రిక అనగానే అందరికీ ఉత్సాహం వచ్చింది. ఏం రాస్తారని అడగగానే అందరూ నేల చూశారు. సరే, ముందు ఎవరికి తోచింది వారు రాసుకురండి అన్నాను.

రాసుకొచ్చారు. 'సముద్రం' మీద రాసినవారే ఎక్కువ. ఉపోద్ఘాతం, విషయ వివరణ, లాభాలు, నష్టాలు, ముగింపు. సముద్రం వల్ల నష్టాలు అని ఉపశీర్షిక పెట్టి, ఒకటి తుపానులు, రెండు సునామీలు, మూడు ఉప్పునీరు తాగడానికి పనికిరాకపోవడం అని అంకెలు వేసి రాశాడు ఒక కుర్రాడు. వాడి తండ్రి మరపడవ మీద కలాసీ. ఏళ్ల తరబడి ఆ నీళ్ల మీదే బతుకుతున్నాడు. ఆ ఇంట్లో సముద్రం గురించి రోజూ నలిగే మాటల్లో ఒక్కటైనా వ్యాసంలోకి రాలేదు. వాడిని అనడానికి లేదు. చిన్న తరగతుల నుంచి బడిలో వ్యాసం అంటే ఆ చట్రమే, పరీక్షలో మార్కులు పడేదీ ఆ చట్రానికే. సెల్‌ఫోను అయినా, చెట్లు అయినా, బంగాళాఖాతం అయినా లాభాలూ నష్టాలూ ఉండి తీరాలి.

కాగితాలన్నీ వెనక్కి ఇచ్చేసి బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. దీన్ని ఎవరు చదువుతారు?

"మీరే మేడమ్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"నేను చదవను" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఒక్కొక్క పేరూ వచ్చింది. అమ్మ, పక్కింటి అక్క, ఏడో తరగతిలో ఉన్న తమ్ముడు, వీధి చివర టీ కొట్టు మామయ్య, భీమిలిలో ఉన్న పెద్దమ్మ. అయితే ఎవరు రాసిన కాగితం మీద వారు, పైన కుడి మూలన, ఆ మనిషి పేరు రాసుకోండి అన్నాను. వ్యాసం మీ పేరుతో వస్తుంది, కానీ అది ఆ మనిషి కోసం. అప్పుడు ఒకమ్మాయి లేచి, "మా అమ్మకు చదువు రాదు మేడమ్" అంది. అలాంటివారు తరగతిలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. "నువ్వు చదివి వినిపించు. ఎక్కడ ఆమె ముఖం చిట్లించుకుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకురా" అన్నాను.

ఆ ఒక్క పనితో వచ్చినంత మార్పు నేను చెప్పిన వ్యాకరణంతో ఎన్నడూ రాలేదు. బడి వ్యాసాల్లో 'తద్వారా', 'ఎనలేని', 'అనగా', 'ఎంతగానో తోడ్పడుచున్నది' అని కొన్ని మాటలు తిష్ఠ వేసుకుని ఉంటాయి. అమ్మకు చదివి వినిపించిన మర్నాడు అవన్నీ గీతల కింద పడి వచ్చాయి. వాక్యం పొడుగు తగ్గింది. నోటికి ఆడని వాక్యం ఏదో వాళ్లకే తెలిసిపోయింది. ఒకడు వచ్చి, "మా అమ్మ మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది మేడమ్, ఆ పేరా తీసేస్తాను" అన్నాడు. సంపాదకులుగా పనిచేసినవారు ఇంతకంటే కఠినంగా ఉండగా నేను చూడలేదు.

కలాసీ కొడుకు నష్టాల అంకెలు పక్కన పెట్టి వేట నిషేధం గురించి రాశాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ విరామం. ఇది ఏటా పత్రికల్లో వచ్చే వార్తే. వాడు రాసింది ఆ రోజుల్లో ఇల్లు ఎలా ఉంటుందని. "నిషేధం మొదలైన వారం మా నాన్న రోజూ తెల్లవారుజామునే లేచేవాడు. లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ పడుకునేవాడు" అని మొదలుపెట్టాడు. తరవాత తండ్రి హార్బర్‌లో వలలు బాగుచేయడం, పడవకు రంగు వేయడం, సాయంత్రాలు అప్పు లెక్కలు చూసుకుంటూ తల్లితో గొంతు పెంచడం, పెంచి వెంటనే తగ్గించడం. "ఆ రెండు నెలలే మా నాన్న మాతో కలిసి అన్నం తింటాడు. కానీ అప్పుడే ఎక్కువ కోపంగా ఉంటాడు" అని ఒక వాక్యం ఉంది. దాని పక్కన నేను ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది?

మరో కుర్రాడిది వేరే కథ. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి గురించి రెండు పేజీలు తెచ్చాడు. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సేవల నుంచి తప్పుకుంది, 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క వాక్యమూ వాడిది కాదు, ఫోనులోంచి దింపుకున్నదే. పిలిచి, లోపలికి వెళ్లి చూశావా అని అడిగాను. లేదన్నాడు. మరి బయటి నుంచైనా చూశావా అంటే, "ప్రతి ఆదివారం చూస్తాను మేడమ్. మా బండి అక్కడికి దగ్గర్లోనే పెడతాం" అన్నాడు.

వాళ్లది మురీ మిక్చర్ బండి. విశాఖ బీచ్‌కు వచ్చినవారు అది తినకుండా ఇంటికి వెళ్లరు. దాని గురించి రాయమంటే, "అది రాస్తారా మేడమ్ ఎవరైనా?" అని నవ్వాడు. రాశాక చూస్తే, తరగతిలో అందరూ ఒకరి తరవాత ఒకరు అడిగి తీసుకుని చదివారు. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి తరిగి ముందే వేరువేరు గిన్నెల్లో ఉంచడం వాడి పని. కలపడం మాత్రం తండ్రి చేతి పని. ముందు మరమరాలు, తరవాత కారం, ఉప్పు, వేయించిన పల్లీలు, ముక్కలు, చివరికి నిమ్మకాయ. నిమ్మరసం ముందు పిండితే మరమరాలు మెత్తబడతాయట. సముద్రపు గాలికి డబ్బా మూత కాస్త తెరిచి ఉంచినా అంతే, కరకర పోతుంది. అందుకని బేరం వచ్చినప్పుడల్లా మూత తీసి, గుప్పెడు తీసి, మూత పెట్టడం. ఆదివారం సాయంత్రం జనం కమ్ముకున్నప్పుడు ఆ మూత మీద చెయ్యి ఉంచడమే తన ఉద్యోగమని రాశాడు. జలాంతర్గామి ఆ వ్యాసంలో ఒక్కసారి వస్తుంది. చీకటి పడ్డాక దాని మీది దీపాల వెలుగులో చిల్లర లెక్కపెట్టుకోవడానికి.

ఇక దిద్దుబాటు. ఎర్ర పెన్ను నా సంచిలోనే ఉంచాను. ఒకరి రచన ఇంకొకరికి ఇచ్చి, తప్పులు దిద్దవద్దు, పెన్సిలుతో ప్రశ్నలు మాత్రమే వేయమన్నాను. అప్పుడు ఏమైంది? ఇది నీకెలా తెలుసు? ఆవిడ ఎవరు? మొదట్లో 'బాగుంది', 'సూపర్' అని రాసి ఊరుకున్నారు. బాగుంది అని రాసినవారు ఏది బాగుందో ఆ వాక్యం కింద గీత గీయాలి అన్నాక దారికి వచ్చారు. కొన్నాళ్లకు ప్రశ్నలు పదునెక్కాయి. ఎండుచేపల గురించి రాసిన అమ్మాయిని, "కవళ్లు ఎండడానికి ఎన్ని రోజులు? నెత్తళ్లకూ అంతేనా? వాన వస్తే ఏం చేస్తారు?" అని మరో అమ్మాయి నిలదీసింది. సమాధానాల కోసం ఈ అమ్మాయి నాయనమ్మ పక్కన ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. అలా అర పేజీ వ్యాసం రెండు పేజీలైంది.

'ఇది నీకెలా తెలుసు?' అన్న ప్రశ్నే మమ్మల్ని హుద్‌హుద్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ తుపాను నాటికి వీళ్లంతా పసివాళ్లు. ఒకమ్మాయి తన అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది. పైకప్పు రేకులు ఎగిరిపోవడం, రోజుల తరబడి కరెంటు లేకపోవడం, పాల ప్యాకెట్టు కోసం వరసలు. అన్నీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. చివర్లో, ఆ గాలికి ఒక పెద్ద ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిందని ఉంది. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఆ ఓడను నేను చూశాను. మా నాన్న భుజం మీద కూర్చుని. హుద్‌హుద్ అప్పుడు నేను చంటివాణ్ణి కదా, నాకెలా గుర్తుంటుంది?" అన్నాడు. తరగతి రెండు వర్గాలైంది. అమ్మమ్మ అబద్ధం చెబుతుందా అని ఒక వర్గం. చివరికి వెతికి తేల్చుకున్నారు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది. బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒడ్డెక్కింది 2020 అక్టోబర్‌లో, వేరే వాయుగుండం రోజుల్లో. రెండూ అక్టోబరే కావడంతో అమ్మమ్మ జ్ఞాపకంలో కలిసిపోయాయి. ఆమె ఆదివారం అని కచ్చితంగా చెప్పిన మాటను కూడా వదల్లేదు. 2014 క్యాలెండరు తీసి చూశారు. అక్టోబర్ 12 ఆదివారమే. "అమ్మమ్మకు రోజు గుర్తుంది, ఓడ ఒక్కటే తప్పింది" అని ఆ అమ్మాయి తేలిక పడింది. ఓడ వాక్యం తీసేయాలా అని చర్చ. తీయలేదు. అమ్మమ్మ అలా చెప్పిందనీ, అసలు సంగతి ఇదనీ రెండూ వేశారు. చరిత్ర పాఠం చెప్పే మాస్టారికి చూపిస్తే ఆయన ఆ పేజీ నకలు తీయించుకున్నారు.

ఒక రచన మాత్రం పత్రికలోకి రాలేదు. దాని గురించి వివరంగా చెప్పను. ఇంట్లో జరిగే గొడవ గురించి ఒకమ్మాయి రాసింది. రాత సంగతి అడిగితే తరగతిలో అంత సూటిగా రాసినవారు ఇంకొకరు లేరు. కానీ పత్రిక వెళ్లేది ఆ వీధికే, ఆ ఇంటికే. సాయంత్రం కూర్చోబెట్టుకుని, ఇది మీ ఇంట్లోవారు చదువుతారు, పక్కింటివారూ చదువుతారు, ఆలోచించుకో అన్నాను. రెండు రోజుల తరవాత వచ్చి కాగితం వెనక్కి తీసుకుంది. దాని బదులు కొళాయి దగ్గర బిందెల వరస గురించి రాసింది. అది మామూలుగానే ఉంది. పత్రికకు మంచి రచన పోయిందని నాకేమీ బాధ లేదు. అచ్చు కాకపోయినా రాత రాతే. ఆ కాగితం ఆమె నోటు పుస్తకంలో ఉంది, ఎప్పుడు ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఇంటి విషయం గురించి మాట్లాడాల్సిన మనుషులతో విడిగా మాట్లాడాం.

పేరు పెట్టడం దగ్గర ఒక వారం గడిచింది. 'సాగర కెరటాలు', 'విశాఖ విజ్ఞాన వాణి' లాంటి బరువైన పేర్లన్నీ అయ్యాక ఎవరో 'ఒడ్డు' అన్నారు. చేతులెత్తించారు, అదే గెలిచింది. సంపాదకుడు ఎవరన్న దాని మీద మాత్రం మాటలు తెగిపోయేంత గొడవైంది. ఒకే సంపాదకుడు ఉంటే మిగతావారు చేతులు దులుపుకుంటారని నా అనుమానం. అందుకని పేజీల వారీగా పంచాం. నాలుగేసి పేజీలకు ఒక జట్టు. శీర్షికలు పెట్టే అధికారం కూడా ఆ జట్టుకే. ఈ అధికారం తరవాత ఏం తెచ్చిపెట్టిందో చెబుతాను.

పేజీల లెక్క అసలైన వినోదం. ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. ఎనిమిది కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే 32. నడుమ రెండు పిన్నులు కొడితే పుస్తకం. తెల్ల కాగితాలతో ఒక నమూనా చేయించి, పేజీలకు అంకెలు వేయించి, పిన్నులు విప్పమన్నాను. విప్పి చూసి నివ్వెరపోయారు. ఒకటో పేజీ పక్కన 32 ఉంది. వెనక్కి తిప్పితే రెండు పక్కన 31. ఒకడు వేళ్ల మీద కూడి, "ఏ కాగితం తీసినా పక్కపక్క పేజీల మొత్తం 33 మేడమ్" అని అరిచాడు. లెక్కల టీచర్ గారు ఆ మధ్యాహ్నం మా తరగతికి వచ్చి, 36 పేజీలైతే ఎంత వస్తుంది, 48 అయితే ఎంత వస్తుందని వాళ్ల చేతే సూత్రం రాబట్టారు. పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, తగ్గుతాయి. ఒక్క పేజీ అదనంగా కావాలంటే కుదరదు.

మా దగ్గర విషయం 34 పేజీలకు వచ్చింది. 36కు పెంచితే ఖర్చు. కాబట్టి రెండు పేజీలు పోవాలి. తరగతిలో మొదటి ర్యాంకు అమ్మాయి ప్రకృతి మీద రాసిన కవిత రెండు పేజీలుంది. ఆ పేజీల జట్టు దాన్ని సగానికి కోసింది. ఆమె మధ్యాహ్న భోజనం మానేసింది. "నా కవితను వీళ్లెవరు కోయడానికి?" అని నా దగ్గరికి వచ్చింది. తీర్పు చెప్పడం నాకు తేలిక, అందుకే చెప్పలేదు. జట్టునూ ఆమెనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తీసేసిన ప్రతి పాదానికీ కారణం చెప్పమన్నాను. "ఈ నాలుగు పాదాల్లో ఉన్నది పై నాలుగింటిలో ఉంది" అన్నారు వాళ్లు. కొన్నింటికి ఆమె ఒప్పుకుంది. రెండు పాదాల దగ్గర మాత్రం పట్టుబట్టి నిలబెట్టుకుంది, అవి నిజంగా మంచి పాదాలే. మిగిలిన చోటు కోసం సామెతల పేజీ ఎగిరిపోయింది. అది ఎవరూ రాసింది కాదు కాబట్టి ఎవరూ ఏడవలేదు. గళ్ల నుడికట్టు బతికింది. ఒక గడిలో ఒక అక్షరమే పట్టాలి, ఒత్తు ఉన్నా గుణింతం ఉన్నా గడి ఒకటే. అడ్డం, నిలువు కలిసే చోట 'ష్ట'తో ముగిసే మాట కోసం దాన్ని కట్టిన కుర్రాడు నన్ను వరండాలో కూడా వదల్లేదు.

బొమ్మలకు వేరే కష్టం. కైలాసగిరి మీంచి సూర్యోదయం, ఎరుపు, నారింజ రంగుల్లో చాలా వచ్చాయి. మేము వేయించబోయేది నలుపు ఒక్క రంగులో. జెరాక్స్ తీయించి చూపిస్తే సూర్యుడూ సముద్రమూ ఒకే బూడిద ముద్ద. పెన్సిలు గీతలు అయితే కనిపించనే లేదు. దాంతో నల్ల ఇంకు పెన్నుతో, గీతల్లోనే బొమ్మ తేవడం నేర్చుకున్నారు. ముఖచిత్రం డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద దీపస్తంభం. వేసిన అమ్మాయి కొండ రాళ్లను అడ్డగీతలతో చూపించిన తీరు చూసి, ఇంతకాలం ఈ పిల్ల చేతిలో ఇంత ఉందని ఎవరికీ ఎందుకు తెలియలేదా అనుకున్నాం.

వ్యాసాలు ఇళ్లలో పెద్దవాళ్ల ఫోన్లలో టైపు చేసి పంపారు. డాబాగార్డెన్స్ వైపు ఒక చిన్న ప్రెస్సుకు తీసుకెళితే, అక్కడి కుర్రాడు, "ఫోనులో కొట్టింది మా దగ్గర పడదండీ, 'అను' ఫాంట్లలోకి మార్చాలి" అన్నాడు. ప్రెస్సుల్లో వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు అవి. మార్చాడు. వచ్చిన ప్రూఫులో కొన్ని ఒత్తులు పక్క అక్షరాలకు అతుక్కున్నాయి, కొన్ని మాయమయ్యాయి. దిద్దించబోతే మళ్లీ కొట్టినందుకు పేజీకి ఇంత అని అదనంగా అడిగారు. అక్కడి నుంచి వచ్చేసి, బడి కంప్యూటర్‌లోనే యూనికోడ్‌లో, అంటే ఫోనులో కొట్టిన అక్షరాల పద్ధతిలోనే, ఉచితంగా దొరికే 'మండలి' ఫాంటుతో పేజీలు కట్టాం. అప్పుడు తెలిసిన సంగతి ఒకటి. ఇంగ్లీషుకు సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు. పై వరసలోని ఒత్తు వచ్చి కింది వరసలోని గుడిదీర్ఘాన్ని పొడుస్తుంది. అక్షరం 12 పాయింట్లు పెట్టి, వరసకూ వరసకూ 18 ఇస్తే గానీ కంటికి హాయిగా లేదు.

ప్రూఫు చూడటానికి పాత పత్రికాఫీసుల పద్ధతే పెట్టాను. ఒకరు రాతప్రతి చూస్తూ పైకి చదవాలి, రెండోవారు అచ్చు కాగితం మీద వేలు పెట్టి వెంట రావాలి. కామా వస్తే 'కామా' అని చదవాలి. వరండా నిండా జంటలు జంటలుగా కూర్చుని చదువుతుంటే హెడ్‌మిస్ట్రెస్ గారు బయటికి వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు. 'శ'కు 'స', 'ణ'కు 'న' నేను ఎన్నిసార్లు చెప్పినా పట్టని పిల్లలు, పక్కవాడి రచనలో వాటిని వెంటనే పట్టారు. సొంత రచనలో మాత్రం ఇప్పటికీ కనిపించవు. పెద్దవాళ్లం మనకూ అంతే అనుకోండి.

డబ్బు పిల్లల దగ్గర వసూలు చేయకూడదు, దుకాణాల ప్రకటనలు వేయకూడదు అని హెడ్‌మిస్ట్రెస్ గారి షరతులు. రెండూ న్యాయమైనవే. ఉపాధ్యాయులం తలా కొంత వేసుకున్నాం. అచ్చు రిసోగ్రాఫ్ మీద వేయించాం. ఆ యంత్రం అసలు ప్రతిని చూసి ఒక మాస్టర్ కాగితం తయారు చేసుకుంటుంది, దాన్ని ఇంకు డ్రమ్ముకు చుట్టుకుని గబగబా తీసేస్తుంది. పది కాపీలకైతే జెరాక్సే నయం, మాకు 150 కావాలి కాబట్టి ఇదే చవక పడింది. మడవడం, పిన్నులు కొట్టడం తరగతిలోనే. నడుమ పిన్ను కొట్టే పొడుగు స్టాప్లర్ దొరక్క, రబ్బరు ముక్క మీద కాగితాలు బోర్లించి మామూలు స్టాప్లర్ విప్పి గుచ్చి, వెనక నుంచి చెంచాతో వంచారు. ఈ ఉపాయం నాది కాదు, వాళ్లదే.

పంచే రోజు ఎవరి పాఠకుడికి వారు స్వయంగా ఇచ్చి, ఏమన్నారో ఒక చీటీ మీద రాసుకురావాలని నియమం. చీటీల్లో ఎక్కువ భాగం 'బాగుంది' అనే. మురీ మిక్చర్ వ్యాసం చదివిన ఒక బండి ఆయన, పల్లీలు ముందు వేయాలి, మీ నాన్నకు తెలియదు అన్నాడట. దాని మీద రెండు కుటుంబాల మధ్య కొన్నాళ్లు వాదన నడిచింది.

అసలు పితూరీ మాత్రం ఒక తాతగారు తెచ్చారు. బడికే వచ్చారు, చేతిలో పత్రిక చుట్టుకుని. వేట నిషేధం వ్యాసానికి ఆ పేజీల జట్టు పెట్టిన శీర్షిక 'ఆ 61 రోజులు ఎవరూ వేటకు వెళ్లరు'. "ఎవరూ వెళ్లరని ఎవరు చెప్పారు? నా తెప్పకు ఇంజనే లేదు. తెడ్డు వేసుకుని వెళతాను. ఇంజను లేని తెప్పలకు ఆ నిషేధం లేదు. ఇది చదివినవాళ్లు నేనేదో దొంగతనంగా వెళుతున్నాననుకోరూ?" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. నిషేధం మరపడవలకూ ఇంజను బిగించిన పడవలకూ, తెడ్డు తెప్పలకు కాదు. వ్యాసం లోపల 'మరపడవలు' అనే ఉంది. శీర్షికలో మాత్రం 'ఎవరూ' అయింది.

కలాసీ కొడుకు లేచి నిలబడ్డాడు. "నేను అలా రాయలేదు తాతా, శీర్షిక వీళ్లు పెట్టారు" అని జట్టును చూపించాడు. జట్టు వాడి మీద పడింది, ప్రూఫు చూసినప్పుడు నువ్వెందుకు ఊరుకున్నావని. వాడు, శీర్షిక మా అధికారం అని మీరే అన్నారు కదా అన్నాడు. తాతగారు కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతూ ఈ తగవు చాలా ఆసక్తిగా విన్నారు.

పుస్తకాల్లో వెనకటికి తప్పొప్పుల పట్టిక అని ఒక కాగితం అంటించేవారని నేను చెప్పాను. ఇంకా పంచకుండా మిగిలిన ప్రతుల్లో అలాంటి చీటీ అంటించాలనీ, పంచేసిన ఇళ్లకు వెళ్లి చీటీ ఇచ్చి రావాలనీ నిర్ణయమైంది. ఏం రాయాలన్న దాని మీద మళ్లీ ఒక పీరియడ్ పోయింది. 'చింతిస్తున్నాము' పెట్టాలని ఒకరు, తాతగారి పేరు వేయాలని ఒకరు. ఆయన పేరు వద్దన్నారు. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. "12వ పేజీ శీర్షికలో 'ఎవరూ' అని ఉంది, అది తప్పు. ఇంజను లేని తెప్పలకు ఈ నిషేధం వర్తించదు. శీర్షిక పేజీ జట్టు పెట్టినది, రచయిత పెట్టినది కాదు." మూడో వాక్యం లేకపోతే తన వ్యాసం పేజీలో చీటీ అంటించనివ్వనని కలాసీ కొడుకు జిగురు డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. వేశారు.